గుండె లయ తప్పి వచ్చిన పేషెంటు: క్యాజువాలిటీ డాక్టర్లకు మన ఆసుపత్రిలోనే శిక్షణ ఎలా నడపాలి

రాత్రి రెండు గంటలు. అచ్చంపేట దిక్కు నుంచో దేవరకొండ దిక్కు నుంచో ఆటోలో ఒక పెద్దాయనను తెస్తారు. "పానం గాబరగాబర అయితున్నది సార్, గుండె దడదడ కొట్టుకుంటున్నది" అంటాడు. మానిటర్ మీద 190. డ్యూటీలో ఒక డాక్టరు, ఒక సిస్టరు, ఒక వార్డుబాయ్ ఉన్నారు. కార్డియాలజిస్టు ఉన్నది హైదరాబాదులో. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు, అంబులెన్సు ఎంత వేగంగా పోయినా రెండు గంటల దారి. ఆ రెండు గంటల ముందు జరగాల్సిందంతా మన చేతుల మీదుగానే జరగాలి.

మన డ్యూటీ డాక్టర్లకు ఈసీజీ చదవడం రాదని, అదొక్కటి నేర్పితే చాలని చాలామంది అనుకుంటారు. ఏండ్ల తరబడి క్యాజువాలిటీలో నిలబడి నేను చూసింది వేరు. పేపరు మీద పెడితే చాలామంది సరిగ్గానే చెబుతారు. ఆగిపోయేది చెయ్యి. షాక్ మిషన్ మీద సింక్ బటన్ (గుండె కొట్టుకునే తీరుకు జతగా షాక్ పడేలా చేసేది) ఎక్కడుందో వెతుక్కుంటారు, పేసింగ్ (కరెంటుతో గుండెను కొట్టించడం) మొదలుపెట్టాలంటే మిషన్ వెనక్కి తిప్పి చూస్తారు, గుండె వేగాన్ని దించే అడినోసిన్‌ను మామూలు ఇంజెక్షన్‌లా నెమ్మదిగా ఎక్కిస్తారు. ఎమర్జెన్సీ మెడిసిన్‌ను మన దేశంలో ప్రత్యేక పీజీ కోర్సుగా గుర్తించిందే 2009లో. కాబట్టి ఇవాళ మన క్యాజువాలిటీల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఎంబీబీఎస్ చదువుతోనే ఈ పని మోస్తున్నారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు, నేర్పే ఏర్పాటు మనమే చేసుకోవాలి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. ఆ తర్వాత చుట్టుపక్కల జిల్లాల్లోనూ వచ్చాయి. మనుషులున్నారు, మిషన్లున్నాయి. పద్ధతిగా మొదలుపెట్టే ఒక్కరు కావాలి. ఆ ఒక్కరు మీరే అనుకుని ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పిన డోసులన్నీ పెద్దవాళ్లవి.

మొదట రిజిస్టర్ తెరవండి

స్లైడ్లు తర్వాత. గత మూడు నెలల క్యాజువాలిటీ రిజిస్టర్ ముందేసుకుని కూర్చోండి. "దడ" అని రాసినవే ఏరితే సగం కేసులు జారిపోతాయి. కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు, కారణం తెలియని ఆయాసం, ఛాతీనొప్పి, పురుగుల మందు, తేలు కాటు, డయాలసిస్ పేషెంట్లు, చనిపోయాకే తెచ్చారని రాసినవి, అన్నీ ఒక నోటుబుక్కులోకి ఎక్కించండి. ప్రతిదాని ఎదురుగా నాలుగు సంగతులు రాయండి: ఈసీజీ తీశారా, వచ్చిన ఎన్ని నిమిషాలకు తీశారు, ఏ మందు ఇచ్చారు, ఎక్కడికి పంపారు.

ఈ పని రెండు సాయంత్రాలు తింటుంది. కానీ మీ ఊరి శిక్షణలో ఏముండాలో ఏ పుస్తకమూ ఇంత స్పష్టంగా చెప్పదు. మన దగ్గరి కేసుల తీరే వేరు. పత్తి చేలకు మందు కొట్టే నెలల్లో ఆర్గానోఫాస్ఫేట్ పేషెంట్లు వస్తారు. గుండె నెమ్మదిస్తుంది, ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి సాగుతుంది, కొందరు టోర్సాడ్స్ అనే ప్రాణాంతక లయలోకి పోతారు. ఇక్కడ ఒక తేడా అందరికీ గట్టిగా నేర్పాలి. మామూలుగా నెమ్మదించిన గుండెకు అట్రోపిన్ మొత్తం 3 మి.గ్రా. దగ్గర ఆపుతాం. పురుగుల మందు కేసులో ఆ లెక్క చెల్లదు, ఊపిరితిత్తులు తేటపడేదాకా ఐదు నిమిషాలకోసారి డోసు రెట్టింపు చేసుకుంటూ పోవాలి. ఒకే మందుకు రెండు లెక్కలు కాబట్టి డ్యూటీలో కలగాపులగం కావడం చాలా తేలిక.

ఎర్ర తేలు కుట్టినవాళ్లు చెమటలతో, చల్లబడ్డ చేతులతో, పరుగెత్తే గుండెతో వస్తారు. ఆ వేగాన్ని చూసి బీటా బ్లాకర్ ఇవ్వకూడదు. ప్రజోసిన్ ఇవ్వాలని మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ పల్లె ఆసుపత్రిలో పనిచేస్తూనే ప్రపంచానికి చూపించారు. రెండుసార్లు డయాలసిస్ తప్పించుకున్న పేషెంటు ఈసీజీలో వెడల్పాటి క్యూఆర్‌ఎస్‌తో (గుండె కింది గదులు కొట్టుకునే గీత) వస్తే, వీటీ (కింది గదుల్లో పుట్టే వేగం) అనుకుని దాని మందు అమియోడరోన్ లాగేముందు, రక్తంలో పెరిగిన పొటాషియం గుర్తుకు రావాలి. పది శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. నెమ్మదిగా ఇచ్చి మానిటర్ చూస్తూ ఉంటే, రెండు మూడు నిమిషాల్లోనే ఆ క్యూఆర్‌ఎస్‌లు సన్నబడతాయి. ఐదు నిమిషాల్లో మార్పు లేకపోతే మళ్లీ ఇవ్వాలి. ముప్పై ఏండ్ల ఆడబిడ్డకు ఏఎఫ్ (పై గదుల క్రమం తప్పిన దడ) వచ్చిందంటే మన దగ్గర ముందు అనుమానించాల్సింది కీళ్లవాతంతో మూసుకుపోయిన మిట్రల్ కవాటాన్ని. బీపీ బాగుండి, దడ మొదలై 48 గంటలు దాటితే లేదా ఎప్పుడు మొదలైందో తెలియకపోతే షాక్ తొందర వద్దు. రక్తం పలచబరిచే మందు సంగతి తేలకుండా లయ మారిస్తే గడ్డ కదిలి మెదడుకు పోతుంది.

ఎవరికి ఏం రాదో అడిగే పద్ధతి

"మీకు కార్డియోవర్షన్, అంటే షాక్‌తో లయ సరిచేయడం, వచ్చా?" అని నలుగురిలో అడిగితే అందరూ తలూపుతారు. పేర్లు లేని చీటీ ఇచ్చి, "మీ చేత్తో మీరు ఎన్నిసార్లు చేశారు?" అని అడగండి. అడినోసిన్ ఇవ్వడం, సింక్ పెట్టి షాక్ ఇవ్వడం, ఛాతీ మీద ప్యాడ్లతో పేసింగ్, వీఎఫ్‌లో (గుండె కొట్టుకోకుండా వణికే స్థితి) షాక్, మెగ్నీషియం ఇవ్వడం, ఇవి ఐదు చాలు. సున్నా, ఒకసారి, అంతకన్నా ఎక్కువ అని మూడు గడులు పెట్టండి. చీటీ కింద ఒక ఖాళీ వదలండి, "నా డ్యూటీలో ఏ కేసు రాకూడదని అనుకుంటాను?" అని. ఆ ఖాళీలో వాళ్లు రాసేదే మీ మొదటి క్లాసు.

సిస్టర్లకూ అదే చీటీ ఇవ్వండి. మందు లాగేది, లైను పెట్టేది, మిషన్ చార్జింగులో పెట్టేది వాళ్లే.

మిషన్ దగ్గర నిలబెట్టండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికివ్వండి. మీ క్యాజువాలిటీలో ఉన్న డీఫిబ్రిలేటర్ (షాక్ మిషన్) మీదే నేర్పండి, వేరే మోడల్ మీద నేర్చుకున్న చెయ్యి రాత్రిపూట బటన్ వెతుక్కుంటుంది. ఒక్కొక్కరిని పిలిచి, ఏమీ చెప్పకుండా, "ఈ పేషెంటుకు పల్స్ ఉంది, వీటీ నడుస్తోంది, బీపీ 70. కానివ్వండి" అని చేతిలో ఫోను గడియారం పట్టుకుని చూడండి. ఎక్కడ ఆగుతున్నారో రాసుకోండి, మధ్యలో సాయం చేయకండి.

నేను చూసినంతలో అందరూ ఆగేది నాలుగు చోట్ల. ఒకటి, సింక్ నొక్కాక తెర మీద ప్రతి ఆర్ తరంగం నెత్తిన చిన్న గుర్తు వెలుగుతుందని తెలియకపోవడం. ఆ గుర్తులు టీ తరంగం మీద పడుతుంటే లీడ్ మార్చుకోవాలి. రెండు, షాక్ బటన్ నొక్కి వెంటనే వదిలేయడం. సింక్‌లో ఉన్న మిషన్ తర్వాతి ఆర్ కోసం ఆగుతుంది, కరెంటు పోయేదాకా వేలు తీయకూడదు. ఈ సంగతి తెలియక "మిషన్ ఖరాబైంది" అని పక్కన పెట్టినవాళ్లను చూశాను. మూడు, ఒక షాక్ అయ్యాక చాలా మోడళ్లు సింక్ నుంచి వాటంతటవే బయటికొస్తాయి. రెండో షాక్‌కు మళ్లీ సింక్ నొక్కాలి. నాలుగోది దీనికి తలకిందులు: పేషెంటు వీఎఫ్‌లోకి పోయినప్పుడు సింక్ అలాగే ఉండిపోతే, లేని ఆర్ కోసం మిషన్ ఎదురుచూస్తూ పేలదు. అప్పుడు సింక్ తీసేయాలి.

జౌల్స్ కాగితం ఒకటి మిషన్‌కే అతికించండి. పల్స్ ఉన్న, క్రమంగా నడిచే వీటీకి సింక్‌తో 100. ఏఎఫ్‌కు సింక్‌తో 200. సన్నని క్యూఆర్‌ఎస్‌తో క్రమంగా నడిచే టాకీకార్డియాకు (వేగమైన గుండెకు) సింక్‌తో 100. వీఎఫ్‌కు, ఆకారం మారిపోతూ ఉండే వీటీకి సింక్ లేకుండా 200. ఇవి బైఫేసిక్ (కరెంటును రెండు దిక్కులా పంపే) మిషన్ లెక్కలు, మీ మిషన్ మీద కంపెనీ వేరే అంకె రాసి ఉంటే అదే పాటించండి.

చిన్న చిన్నవి కూడా వదలొద్దు. ఎండలో పనిచేసి వచ్చిన మనిషి ఛాతీ మీది చెమట గుడ్డతో తుడవాలి. ప్యాడిల్‌కు డీఫిబ్ జెల్లీయే రాయాలి, స్కానింగు గదిలోని జెల్లీ కరెంటును సరిగ్గా పంపదు. మెలకువగా ఉన్న మనిషికి ముందు మత్తు ఇవ్వాలి. ఆక్సిజన్ మాస్కు షాక్ ముందు దూరం జరపాలి. సిమ్యులేటర్ లేకపోతే తోటి డాక్టరుకు ఈసీజీ లీడ్లు తగిలించి సింక్ గుర్తులు చూపించవచ్చు. కానీ బతికున్న మనిషికి లీడ్లు ఉన్నంతసేపు చార్జ్ బటన్ ఎవ్వరూ ముట్టకూడదు. ఈ మాట క్లాసు మొదట్లోనే చెప్పండి.

అడినోసిన్: మందు కన్నా సిర ముఖ్యం

నేను కొత్తగా డ్యూటీలు చేసే రోజుల్లో ముప్పై ఏండ్ల ఒకామె వచ్చింది. పల్స్ 190, సన్నని క్యూఆర్‌ఎస్, గీత గీసినట్టు క్రమంగా ఉంది. చేతి వెనక పసుపు రంగు సన్న క్యాన్యులా ఉంటే అందులోంచే 6 మి.గ్రా. అడినోసిన్ ఇచ్చాను. ఏమీ కాలేదు. 12 ఇచ్చాను. ఏమీ కాలేదు. "మందుకు లొంగలేదు" అని రెఫరల్ రాయడానికి కూర్చున్నాను. అనుభవమున్న ఒక సిస్టరమ్మ వచ్చి, "సార్, ఒక్కసారి పెద్ద లైను పెట్టి చూద్దాం" అని మోచేతి మడతలో పచ్చ రంగు 18 నంబరు క్యాన్యులా పెట్టింది. త్రీ-వే (మూడు దారుల కొళాయి) తగిలించి ఒకవైపు మందు, ఇంకోవైపు 20 మి.లీ. సెలైన్ పెట్టింది. చెయ్యి పైకెత్తి, మందు పోయిన క్షణమే సెలైన్ ఒక్క ఊపున తోసింది. తెర మీద గీత సాపుగా పోయింది. ఆమె నా చొక్కా గట్టిగా పట్టుకుంది. నాలుగు సెకన్లు, ఐదు సెకన్లు. తర్వాత ఒక బీట్, ఇంకొకటి, ఆపైన నిమిషానికి 88. అదే మందు, అదే పేషెంటు. అడినోసిన్ రక్తంలో పది సెకన్లు కూడా సగం నిలవదు, చేతి వెనక నుంచి మెల్లగా పోతే గుండె చేరేలోపే కరిగిపోతుంది.

దీన్ని నేర్పడం తేలిక. త్రీ-వే, రెండు సిరంజీలు, రంగు నీళ్లు, ఒక ఖాళీ సెలైన్ బాటిల్ చాలు. మందు సిరంజీ, ఫ్లష్ సిరంజీ రెండూ కలిపి రెండు సెకన్లలో ఖాళీ కావాలి. ప్రతి ఒక్కరితో పదిసార్లు చేయించండి.

మందుకు ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. పేషెంటును సగం కూర్చోబెట్టి, 10 మి.లీ. సిరంజీ నోట్లో పెట్టి పిస్టన్ కదిలేంత బలంగా 15 సెకన్లు ఊదించాలి. ఊదడం ఆపగానే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు 45 డిగ్రీలు ఎత్తి 15 సెకన్లు పట్టుకోవాలి. 2015లో బ్రిటన్‌లో చేసిన రివర్ట్ ట్రయల్‌లో ఇలా చేస్తే 43 శాతం మందిలో లయ మామూలుకొచ్చింది. కాళ్లెత్తకుండా ఊదించిన పాత పద్ధతిలో 17 శాతమే. కాళ్లెత్తే పని వార్డుబాయ్‌కి నేర్పండి, చేతులు కుదిరితే పది సెకన్లలో వస్తుంది.

ఇంజెక్షన్ ఇచ్చేముందు పేషెంటుతో అనాల్సిన మాట కూడా శిక్షణలో భాగమే. "అమ్మా, ఒక్క పది సెకన్లు ఛాతీ బరువై ఊపిరి ఆగినట్టు అనిపిస్తది. వెంటనే పోతది. నేను ఇక్కడే ఉన్న, నా చెయ్యి పట్టుకో." ఆస్తమా ఉందేమో అడగాలి. మందు తోసేటప్పుడు ఈసీజీ పేపరు నడుస్తూనే ఉండాలి. లయ మారకపోయినా, ఆ నాలుగు సెకన్ల పేపరు మీద దాక్కున్న ఫ్లట్టర్ (పై గదుల క్రమమైన పరుగు) బయటపడుతుంది. ఆ ముక్క రెఫరల్‌కు పిన్ను కొట్టి పంపండి, అవతలి డాక్టరుకు అది బంగారం.

ఈసీజీ ఎదుట ఐదు ప్రశ్నలు

లయ పేరు తెలుసుకోవాలన్న తపనలో పేషెంటును చూడటం మరిచిపోతాం. కాబట్టి ప్రతి ఈసీజీ క్లాసు మొదటి ప్రశ్నతోనే మొదలవ్వాలి: మనిషి ఎట్లున్నడు? బీపీ పడిపోయిందా, మాట తడబడుతోందా, ఛాతీనొప్పి ఉందా, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందా? వేగం వల్లే ఇవి వచ్చాయంటే పేరు తేలకున్నా షాక్‌కు సిద్ధమవ్వాలి. తర్వాతే మిగతావి: వేగమెంత, క్యూఆర్‌ఎస్ మూడు చిన్న గడులు దాటిందా, క్రమంగా ఉందా, పీ తరంగాలు ఉన్నాయా.

మీ ఆసుపత్రిలోవే ముప్పై ఈసీజీలు, పేర్లు కనబడకుండా కత్తిరించి, ఒక ఫైలు చేయండి. అందులో మామూలు సైనస్ టాకీకార్డియాలు కొన్ని తప్పకుండా కలపండి. వాంతులు విరేచనాలతో ఎండిపోయిన మనిషి, జ్వరంతో కాలిపోతున్న మనిషి 150తో వస్తే మందుతో తగ్గించాలని చూస్తారు, కావాల్సింది సెలైన్. వేగం కచ్చితంగా 150 దగ్గర కదలకుండా నిలబడితే ఫ్లట్టర్ అనుమానించాలి. గుండెపోటు వచ్చిపోయిన పెద్దమనిషిలో వెడల్పాటి, క్రమమైన వేగం కనబడితే వేరని రుజువయ్యేదాకా అది వీటీయే, వెరాపమిల్ ముట్టకూడదు. బీపీ నిలబడి ఉంటే అమియోడరోన్ 150 మి.గ్రా., అంటే ఒక ఆంపుల్, పది నిమిషాల్లో 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో ఇవ్వాలి. పడుచు మనిషిలో వెడల్పాటి, క్రమం లేని, 200 దాటిన వేగం కనబడితే అడినోసిన్, డిల్టియాజెమ్, వెరాపమిల్, డిగాక్సిన్, ఇంజెక్షన్ అమియోడరోన్ ఏదీ వద్దు. షాక్ మిషన్ దగ్గరికి తెచ్చుకోండి. ఈ ఒక్క ఈసీజీని ఫైల్లో మూడు చోట్ల పెట్టండి, అరుదుగా వస్తుంది కాబట్టే మరిచిపోతారు.

నెమ్మదించిన గుండె

వేగంగా కొట్టుకునే గుండె మీద క్లాసులు చాలా జరుగుతాయి, నెమ్మదించిన దాని మీద తక్కువ. కానీ మన దగ్గర ప్రాణాలు పోయేది ఇక్కడే ఎక్కువని నా నమ్మకం.

అట్రోపిన్ మొదటి డోసును 2020లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అర మిల్లీగ్రాము నుంచి 1 మి.గ్రా.కు పెంచింది. మన ఆంపుల్‌లో ఉండేది 0.6. రెండు ఆంపుల్స్ లాగి ఇవ్వండి, సగం సగం కొలుస్తూ సమయం పోగొట్టొద్దు. ఐదు ఆంపుల్స్ అయితే 3 మి.గ్రా. పూర్తి. అది పనిచేయకపోతే డోపమిన్ లేదా అడ్రినలిన్ డ్రిప్, దాంతోపాటే పేసింగ్.

పేసింగ్‌కు ప్యాడ్లతో పాటు ఈసీజీ లీడ్లు కూడా వేరుగా తగిలించాలి. వేగం 70 పెట్టి, మిల్లీ ఆంపియర్లు పెంచుతూ పోండి. ప్రతి పేసింగ్ గీత వెనక వెడల్పాటి క్యూఆర్‌ఎస్, దాని వెనక టీ కనబడితే గుండె అందుకున్నట్టు. ఇక్కడ ఒక మోసం ఉంది. కరెంటుకు మెడ కండరాలు అదురుతాయి, మెడ దగ్గర పల్స్ ఉన్నట్టే తెలుస్తుంది. తొడ మొదట్లో వేళ్లు పెట్టి చూడమని నేర్పండి. అందుకున్న అంకె మీద మరో పది మిల్లీ ఆంపియర్లు పెంచి ఉంచాలి. నొప్పికి మందు ఇవ్వకుండా పేసింగ్ చేయడం మనిషిని హింసించడమే.

పచ్చ గన్నేరు గింజలు నూరి తిన్న పిల్లలు, పడుచువాళ్లు మన క్యాజువాలిటీలకు వస్తారు. వచ్చినప్పుడు నడుచుకుంటూ వస్తారు, వాంతులు తప్ప ఏమీ ఉండదు. ఈసీజీ మామూలుగా ఉందని జనరల్ వార్డులో పడుకోబెడితే అర్ధరాత్రి హార్ట్ బ్లాక్ వస్తుంది. ఇది డిగాక్సిన్ లాంటి విషం. కనీసం 24 గంటలు మానిటర్ కింద ఉంచాలి, పొటాషియం పదేపదే చూడాలి, బొగ్గు పొడి ఇవ్వాలి, పేసర్ పక్కనే ఉండాలి. పేసర్ లేని చోటైతే బాగున్నప్పుడే పంపించాలి. ఈ కేసు మీద ఒక పూర్తి డ్రిల్ చేయండి.

డ్రిల్ ఎప్పుడు, ఎట్లా

వారానికి ఒక్కరోజు, షిఫ్టు మారే వేళ, పది నిమిషాలు. అంతకన్నా ఎక్కువ పెట్టకండి, రెండో వారం నుంచి ఎవరూ రారు. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఇద్దరూ ఉంటారు కాబట్టి మనుషులు దొరుకుతారు. మంచం మీద దిండు పెట్టి ఒక కేసు చెప్పండి. ఎవరు మిషన్ దగ్గర, ఎవరు మందు దగ్గర, ఎవరు ఛాతీ నొక్కాలి, ఎవరు సమయం రాయాలి అనేది ముందే పేరు పెట్టి చెప్పాలి. ఛాతీ నొక్కడం నిమిషానికి 100 నుంచి 120, కనీసం 5 సెం.మీ. లోతు, రెండు నిమిషాలకు మనిషి మారాలి. వార్డుబాయ్, సెక్యూరిటీ అన్న, అందరూ నొక్కాలి. 108 అంబులెన్సు ఈఎంటీ బయట ఉంటే లోపలికి పిలవండి, దారిలో షాక్ ఇవ్వాల్సింది ఆయనే.

డ్రిల్ అయ్యాక ట్రాలీ తెరిచి మందులు చేత్తో ముట్టి చూడండి. అడినోసిన్, అమియోడరోన్, అట్రోపిన్, అడ్రినలిన్, కాల్షియం గ్లూకోనేట్, మెగ్నీషియం ఉండాలి. మెగ్నీషియం 50 శాతం ఆంపుల్ 2 మి.లీ.లో 1 గ్రాము ఉంటుంది, టోర్సాడ్స్‌కు రెండు ఆంపుల్స్ కావాలి. డేట్లు చూడండి, డీఫిబ్ బ్యాటరీ చూడండి.

పంపేటప్పుడు

నిమ్స్‌కు, ఉస్మానియాకు, బీబీనగర్ ఎయిమ్స్‌కు, ఎక్కడికి పంపినా ముందు ఫోన్ చేయాలి. చికిత్సకు ముందు ఈసీజీ, తర్వాత ఈసీజీ, ఇచ్చిన మందులు సమయాలతో వెంట పోవాలి. ప్యాడ్లు ఒంటి మీదే ఉంచి పంపండి. తోడు వచ్చినవాళ్లకు ఏం జరిగిందో, దారిలో ఏం జరగవచ్చో వాళ్ల మాటల్లో చెప్పడం కూడా పీజీలకు నేర్పాల్సిన పనే, దానికీ డ్రిల్లులో ఒక నిమిషం ఇవ్వండి.

మూడు నెలలకు మళ్లీ

ఏసీఎల్‌ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే చికిత్స కోర్సు) సర్టిఫికెట్ రెండేండ్లు చెల్లుతుంది, చేతి నేర్పు మాత్రం మూడు నుంచి ఆరు నెలల్లోనే జారిపోతుంది. అందుకే మూడు నెలలకోసారి అదే మిషన్ దగ్గర, అదే కేసుతో, అదే గడియారంతో మళ్లీ నిలబెట్టండి. మొదటిసారి పట్టిన సమయం పక్కన ఈసారి సమయం రాయండి. హౌస్ సర్జన్లు మారినప్పుడల్లా మొదటి వారంలోనే మిషన్ క్లాసు పెట్టండి. ఒక్క నిజమైన కేసు జరిగినా, అదే రోజు టీ తాగే వేళ డ్యూటీలో ఉన్న ఆ డాక్టరు, సిస్టరు, వార్డుబాయ్ ముగ్గురినీ కూర్చోబెట్టి, ఏం బాగా జరిగింది, ఎక్కడ చెయ్యి ఆగింది అని అడిగి, మొదటి రోజు తెరిచిన ఆ నోటుబుక్కులోనే తర్వాతి పేజీలో రాసుకోండి.